అన్నాల బంతిలో తీసిన ఫోటో

అరవై ఒక్క శాతం అని పడి పది నిమిషాలయింది, అరవై రెండు కావడం లేదు. కొత్త కంప్యూటర్‌లో ఆకుపచ్చ గీత ఉన్నచోటే ఉంది, దాని కింద పోయిన ఫైళ్లు వెతుకుతున్నాం, ఇంకా సుమారు ఒక గంట అని రాసి ఉంది, ఆ ఒక గంట మధ్యాహ్నం రెండు నుంచీ ఒక గంటే, ఇప్పుడు నాలుగు దాటింది. దుర్గాభవాని ఫోటో స్టూడియో లోపలి గదిలో గిరిప్రసాద్ కుర్చీ అంచున కూర్చుని, బల్ల మీది నల్లటి డిస్క్ డబ్బా మీద అరచెయ్యి పెట్టి, జ్వరమొచ్చిన పిల్లల నుదురు చూసినట్టు దాని వేడి చూస్తున్నాడు. వేడిగానే ఉంది. లోపల ఏదో తిరుగుతోంది, గీరుతోంది, తిరుగుతోందంటే బతికే ఉన్నట్టు, డబ్బా బతికుంటే అందులో సరిత ఉండొచ్చు, పదిహేడేళ్ల పిల్ల, పోయి పదకొండేళ్లయిన పిల్ల, ఆ పిల్ల ముఖం ఇంకెక్కడా లేదు, ఉంటే ఈ డబ్బాలోనే ఉండాలి. పరదా అవతల, గాజు తలుపు దగ్గరి బెంచీ మీద, సరిత తల్లి సత్తమ్మ కూర్చుని ఉంది. మూడింటికి వచ్చింది, ఒళ్లో తువ్వాలులో చుట్టిన పటం పెట్టుకుని కూర్చుంది, అయిందా అని ఒక్కసారి కూడా అడగలేదు. అడిగితే బాగుండు అనిపిస్తోంది అతనికి. తెల్లారితే పెత్రమాస, ఊరంతా తమ తమ పోయినవాళ్ల పటాలు తుడిచి, బొట్టు పెట్టి, వండింది ముందు పెట్టి, వాళ్ల పేరున బియ్యమిచ్చే రోజు.

నిన్న పొద్దున ఆమె వచ్చినప్పుడు అతను జిరాక్స్ కాగితాలు సర్దుతున్నాడు. నాచారంలో ఫ్యాక్టరీ ఊడ్చి, ఆ చీపురు దుమ్ము చీర మీద ఉండగానే వచ్చింది. తువ్వాలు విప్పి పటం బల్ల మీద పెట్టింది. పచ్చటి లంగా ఓణీ ఉంది, జడలో కనకాంబరాలున్నాయి, మధ్యలో ముఖం ఉండాల్సిన చోట అన్నం గంజి ఒలికి ఎండినట్టు తెల్లటి మరక. "వానలకు గోడ నెమ్మొచ్చింది తమ్మీ, పటం లోపటికి బూజు వట్టింది. పెత్రమాస వస్తున్నది గద అని అద్దం తీసి తడిగుడ్డతోని నేనే తుడిసిన. బూజుతోని పిల్ల గూడ పోయింది." ఆ మాట ఆమె నెమ్మదిగా, పక్కింటివాళ్ల సంగతి చెప్పినట్టు చెప్పింది. గిరిప్రసాద్ ఏం చేశాడు? నవ్వాడు. నిజంగానే నవ్వాడు, పళ్లు కనబడేటట్టు. "గంతేనా సత్తక్కా! జర ఫికర్ జెయ్యకు. ఉప్పల్‌ల ఎవరి మొకమైన నా దగ్గర భద్రం. రేపు మూడింటికి రా, కొత్త పటమిస్త, పైసలు గూడ వద్దు." పైసలు వద్దట. దాత గారు. ఆ నవ్వు ఇప్పుడు గుర్తొస్తే చెంప మీద తనే కొట్టుకోవాలనిపిస్తోంది.

కాని ఆ గప్పాలు ఊరికే వచ్చినవి కావు, ఇరవై నాలుగేళ్లుగా అతను చేసిన పని అదే. ఉప్పల్, రామంతాపూర్, నాచారం, మల్లాపూర్, ఎక్కడ పెళ్లయినా, ఎక్కడ బారసాల అయినా, మెడలో కెమెరాతో అతనే. పెళ్లివాళ్లకు కావాల్సింది పెళ్లికూతురూ పెళ్లికొడుకూ. కాని అన్నాల బంతిలో కూర్చున్నవాళ్లు, కుర్చీలు మోసినవాళ్లు, డప్పు కొట్టినవాళ్లు, వీళ్లంతా కూడా పడతారు కదా ఫోటోల్లో. వీళ్లలో ఎవరన్నా పోతే, పదోనాటికి పటం కావాలి. బతికినన్నాళ్లు ఫోటో దిగు అంటే నాకెందుకు పొమ్మన్న మనిషి, పోయిన తెల్లారే ఇంటివాళ్లు వచ్చి బెంచీ మీద కూర్చుంటారు: మా నాయన ఫలానావాళ్ల పెళ్లికి వచ్చిండు అన్నా, జర సూడు. అతను ఆ పెళ్లి తెరిచి, ఆ గుంపులో ఆ ముఖం పట్టుకుని, చుట్టూ కోసి, వెనక నీలం రంగు వేసి, అంగీ బాగాలేకపోతే కోటు తొడిగి, కళ్లు మూసుకుని ఉంటే అన్నదమ్ముల కళ్లు తెచ్చి తెరిపించి, చేతిలో పెట్టేవాడు, కోసిన ముఖాన్ని కూడా ఆ పెళ్లి ఫోటోల పక్కనే దాచేవాడు. ఊళ్లో సగం ఇళ్ల గోడల మీద అతను కోసిన ముఖాలే వేలాడుతున్నాయి. తర్వాత ఫోన్లొచ్చాయి, ఎవరి ముఖం వాళ్ల జేబులోకి వచ్చింది, స్టూడియోకి మిగిలింది పాస్‌పోర్టు ఫోటోలూ జిరాక్సూ. అయినా ఫోన్లు రాకముందు పోయినవాళ్లున్నారే, వాళ్లకు గిరిప్రసాద్ డబ్బానే దిక్కు. ఈ మాట అతను ఎన్నిసార్లు ఎంతమందికి చెప్పుకున్నాడో లెక్కలేదు, చెప్పినప్పుడల్లా గుండె అర అంగుళం పొంగేది. అరవై మూడు.

ఆ డబ్బా పెట్టించింది బావమరిది దయాకర్. భార్య కల్పన తమ్ముడు, హబ్సిగూడలో కంప్యూటర్ల పనిచేస్తాడు, మాట తక్కువ, చెప్పేటప్పుడు మాత్రం వేలు పెట్టి చూపిస్తాడు. రోజూ సాయంత్రం ఏడింటికి కంప్యూటర్ తనంతట తనే తన సరుకంతా డబ్బాలోకి ఎక్కించేటట్టు, ఏడాదికో మూట చొప్పున కట్టేటట్టు కుదిర్చి పెట్టాడు. అది పని చేస్తోందా అని గిరిప్రసాద్ ఎన్నడూ చూడలేదు. అన్నం ఉడికిందో లేదో ఒక్క మెతుకు పట్టి చూస్తాం, ఇన్నేళ్ల ముఖాలున్న డబ్బాలోంచి ఒక్క ఫోటో బయటికి తీసి చూడాలని తోచలేదు. పోయిన వారం ఉరుములప్పుడు కరెంటు ఒక్కసారి ఎక్కువై పాత కంప్యూటర్ కాలిపోయింది, లోపలి డిస్క్‌తో సహా, గది నిండా కాలిన వాసన. అప్పుడూ భయపడలేదు. డబ్బా ఉంది కదా. దయాకర్ ఫోన్లో చెప్పనే చెప్పాడు: "కొత్త దానికి డబ్బా పెట్టంగనే ఒకటి అడుగుతది బావా. డబ్బాల పాత కంప్యూటర్‌వి ఉన్నయ్, అవి నావే అనుకొని నడిపియ్యనా, లేకుంటె కొత్తగ మొదలువెట్టనా అని. తొందరపడకు. నాకు ఫోన్ జెయ్యి." సరే సరే అన్నాడు. చెవికి ఫోను పెట్టుకుని, కొత్త కంప్యూటర్ ఏ రంగులో ఉంటే బాగుంటుందా అని ఆలోచిస్తూ సరే సరే అన్నాడు.

కొత్తది వచ్చింది శుక్రవారం. పక్షం రోజుల్లో, పెద్దల దినాల్లో, ఎవరూ కొత్త వస్తువు ఇంట్లోకి తేరు, కాని పని ఆగదు, జిరాక్స్ పిల్లలు వెనక్కి పోతున్నారు. తప్పదన్నాక కల్పన ఒకటే పట్టుబట్టింది. "పక్షంల తెస్తున్నం. రాహుకాలమన్న తప్పియ్యుండ్రి." పదిన్నరకు రాహుకాలం. దుకాణం నుంచి పెట్టె వచ్చేసరికే పదీ పది, తీగలు తగిలించి బొట్లు పెట్టేసరికి పదీ ఇరవై అయిదు. పసుపు, కుంకుమ, మీద ఒక చామంతి. కల్పన కొబ్బరికాయ చేత్తో పట్టుకుని గోడ గడియారం వైపు చూస్తోంది. డబ్బా తగిలించాడు, అది అడిగింది. ఇంగ్లీషులో నాలుగు వరుసలు, కింద రెండు గడులు. చదవడానికి కళ్లజోడు కావాలి, కళ్లజోడు బయట బల్ల మీద ఉంది, ఫోను చార్జింగులో ఉంది. "ఏమంటున్నదట?" అంది కల్పన. "పాతది తీస్కోనా, కొత్తగ మొదలువెట్టనా అంటున్నది." "కొత్త దానికి కొత్తగనే గద. నొక్కుండ్రి, అయిదు నిమిషాలే ఉన్నయ్." నొక్కాడు. కొత్తగా మొదలుపెట్టు అన్న మాట ఆ క్షణంలో ఎంత శుభంగా వినిపించిందో! కాయ కొడితే రెండు చెక్కలూ సమానంగా పగిలాయి, మంచిదే అంది కల్పన, కొబ్బరి ముక్క నోట్లో వేసుకుని అతనూ మంచిదే అనుకున్నాడు. కొత్త ఒక వింత, పాత ఒక రోత అని ఊరికే అన్నారా పెద్దలు.

యంత్రానికి పాపం ఏం తెలుసు, చెప్పింది చేసింది. డబ్బాలో ఉన్నవి తనవి కావు అనుకుంది, ఎవరివో అనుకుంది. చోటు చాలనప్పుడు అన్నిటికంటే పాతవాటిని తీసేస్తాను అని ఆ నాలుగు వరుసల్లోనే చిన్న అక్షరాల్లో చెప్పింది కూడా. శుక్రవారం ఏడింటికి చోటు కావాలంది, రెండువేల తొమ్మిదిని తీసేసింది. శనివారం పదిని. కొత్త కంప్యూటర్ వచ్చిందన్న హుషారులో గిరిప్రసాద్ తన దగ్గరున్న కెమెరా కార్డులన్నీ అందులోకి దింపాడు, ఆదివారం పదకొండు పోయింది, సోమవారం, అంటే నిన్న, సత్తమ్మకు నవ్వుతూ మాటిచ్చి పంపిన ఆ సాయంత్రమే, ఏడింటికి, రెండువేల పన్నెండు. ఒక్క రోజు. నిన్న ఆమె ఇక్కడ ఉండగానే మూట తెరిచి చూసి ఉంటే సరిత ఉండేది, బజ్జీలు తెప్పించుకుని తిన్నాడు, పెళ్లిళ్లు లేవు కదా పని లేదు కదా అని మెట్రో కింద నిలబడి ఎవరితోనో ఎన్నికల కబుర్లు చెప్పాడు. ఈ పొద్దున తెరిచి, పన్నెండు కనబడక, పదమూడు నుంచే మొదలవుతుంటే, ముందు కళ్లజోడు తుడుచుకున్నాడు. దయాకర్‌కు ఫోన్ చేశాడు. "ఏది నొక్కినవ్ బావా?" "కొత్తది." "చెప్పిన గద బావా." అంతే అన్నాడు, తిట్టలేదు, తిడితే బాగుండు. తర్వాత ఈ వెతికే ప్రోగ్రాం ఎక్కించాడు. చెరిపినంత మాత్రాన పోదట, దాని మీద ఇంకోటి రాస్తేనే పోతుందట, ఎంత రాసిందో దేవుడికెరుక అన్నాడు.

కల్పన మీద నెట్టేద్దామని పొద్దున్నుంచి మనసు గుంజుతోంది. ఆమే కదా తొందరపెట్టింది. రాహుకాలమట. కాని వేలు ఎవరిది? కళ్లజోడు తెచ్చుకోవడానికి ఎన్ని అడుగులు, ఏడడుగులు. రాహువు సూర్యుణ్ణి మింగి మళ్లీ వదిలేస్తాడు, గిరిప్రసాద్ వేలు మింగింది మాత్రం వదిలేటట్టు లేదు. డెబ్బయి నాలుగు. అరే, డెబ్బయి నాలుగు, ఎప్పుడయింది? నీళ్లు తాగుదామని లేచి, లేస్తే డబ్బాకు తీగ తగులుతుందేమోనని మళ్లీ కూర్చున్నాడు.

రెండువేల పన్నెండు మే. నాచారంలో గల్లీకి అడ్డంగా టెంటు వేసి పెళ్లి, టెంటు కింద కొలిమి. మగపెళ్లివాళ్ల మేనమామ ఒకడు చెయ్యి పట్టుకుని లాక్కుపోయాడు, బంతి తియ్యి ఫోటోగ్రాఫర్, ఎంతమంది తిన్నరో రేపు సూపియ్యాలె కద అని. పొడుగాటి బల్లలు, పేపరు ప్లేట్లు, మటన్ ముక్క కోసం గరిటె దాకా పోయే చేతులు, ఒకాయన నోటి నిండా అన్నంతో కెమెరా వైపు తిరిగాడు, ఆయన మీసానికి పెరుగు. ఆయన వెనక, స్టీలు జగ్గుతో, నీళ్లు పోస్తూ సరిత. ఫ్లాషు పడింది. అంతే, ఒక్కటే ఫోటో, ఎవరికీ అక్కర్లేనిది, ఆల్బంలోకి ఎక్కనిది. మరుసటి ఏడు వానాకాలంలో అయిదు రోజుల జ్వరంతో ఆ పిల్ల పోయింది. తండ్రి ఉప్పలయ్య తాగిన మత్తులో, దుఃఖంలో ఆమె బట్టలు, బడి సంచీ, టెన్త్ కాగితాలు అన్నీ తెచ్చి చితిలో ఆమె మీదే వేశాడు, నీయి నువ్వు తీస్కపో బిడ్డా అని, పాస్‌పోర్టు ఫోటో ఉన్నవన్నీ అలా మంటలో పోయాయి. పదోనాటికి అతను పటం కోసిచ్చింది ఆ బంతి ఫోటోలోంచే. ఆయనా రెండేళ్లకు పోయాడు. ఆ పెళ్లి చేసుకున్నవాళ్లు ఇప్పుడు దమ్మాయిగూడలో ఉంటారు, మధ్యాహ్నం ఫోన్ చేసి బతిమాలితే ఆల్బం అంతా వెతికి ఒక్క ఫోటో పంపారు. ఫోటోలో వెనక వరసలో సరిత ఉంది, ముందున్నావిడ ఎత్తుకున్న పిల్లాడి చెయ్యి సరిగ్గా ఆమె ముఖానికి అడ్డం. పాపిట కనిపిస్తోంది. పాపిట పెట్టి పటం కట్టలేం.

కట్టలేమా? ఎనభై రెండు దగ్గర ఆ ఆలోచన వచ్చింది, వచ్చినందుకు సిగ్గుపడ్డాడు, సిగ్గుపడుతూనే ఆలోచించాడు. ఇప్పుడు ముఖాలు తయారు చేయడం ఎంతసేపు. సత్తమ్మ ఆధార్ ఫోటో తీసుకుని, ముడతలు తీసి, నలభై ఏళ్లు తగ్గించి, ఆ పచ్చ ఓణీ మీద పెడితే? తల్లి పోలిక ఉంటుంది కదా బిడ్డకు. ఆమె కళ్లకు శుక్లాలు, ఎడమ కన్ను సరిగా ఆనదు. చచ్చిపోయినవాళ్ల కళ్లు ఎంతమందివి తెరిపించలేదు, ఎవరు పట్టుకున్నారు, ఆ ఇళ్లల్లో మా తాత చూపే వేరు అని చెప్పుకుంటూ ఎవడి కళ్లకో దండం పెట్టుకుంటున్నారు. అబద్ధం ఆడినా అతికినట్టుండాలి అంటారు, అతికించడమే కదా తన వృత్తి. రేపు ఆమె దానికి బొట్టు పెడుతుంది, ముందు పులగం పెడుతుంది, తిను బిడ్డా అంటుంది. ఎవరితో అంటుంది? ఎవరూ కాని దానితో.

పరదా తొలగించి బయటికి వస్తే సత్తమ్మ తలెత్తింది. చాయ్ చెప్పనా అక్కా అంటే వద్దంది. రోడ్డు మీద తంగేడు కట్టలు వేసుకున్న ఆటో పోతోంది, రేపటి బతుకమ్మకు. ఇంకా జరసేపు పడుతుంది అన్నాడు. "పట్టనీ తమ్మీ. పదకొండేండ్లు ఆగిన." రోడ్డు వైపు చూస్తూనే మళ్లీ అంది. "నీకొక మాట జెప్పాల్నా, ఎవరికి జెప్పలె. కండ్లు మూసుకుంటె బిడ్డ మొకం వస్తలేదు నాకు. ఎన్నడో పోయింది. పటమే యాదికొస్తది. పొద్దున లేసి పటం సూసుకుంటె, ఆ, గిట్లుండె గద అని పానం కుదుట వడ్తది. ఇప్పుడు నాలుగు దినాలాయె పటం లేక. కన్న తల్లిని, మొకం మర్సిపోతనా తమ్మీ? పాపం గాదా?" కాదక్కా అనాలి, మనుషులు అంతే అక్కా అనాలి. లోపల యంత్రం ట్రింగ్ మంది, ఆమె మొహంలో ఒక్కసారి వెలుగు వచ్చింది, అది చూడలేక లోపలికి పరిగెత్తాడు.

నూరు. దొరికినవి అని పొడుగాటి జాబితా. కిందికి, కిందికి జరిపాడు, ఎవరెవరివో ఏవేవో, ఉంది. రెండువేల పన్నెండు ఉంది. మే ఉంది. నాచారం పెళ్లి, అన్నాల బంతి, నాలుగు వందల పదిహేడు, ఆ నంబరు పటం వెనక అతని చేత్తోనే రాసి ఉంది, అదే నంబరు. "దొరికింది" అని గట్టిగా అనబోయి నోరు నొక్కుకున్నాడు. తెరిచాడు. పైనుంచి మెల్లగా విచ్చుకుంది ఫోటో, టెంటు ఎరుపూ పసుపూ, వేలాడే ట్యూబులైటు, ఎవరిదో తలపాగా, ఆ తర్వాత బూడిద రంగు. కింది దాకా ఒకటే బూడిద రంగు. మళ్లీ తెరిచాడు. మళ్లీ టెంటు, ట్యూబులైటు, తలపాగా, బూడిద. దయాకర్ అన్నట్టు దాని మీద ఇంకోటి రాసింది, ఎవరో ఇద్దరు నాగారంలో పోయిన నెల చేసుకున్న పెళ్లి, వాళ్ల నగలు, వాళ్ల కేకు. పదహారుసార్లు తెరిచాడు. పక్కవి తెరిచాడు. దేంట్లోనూ ఆమె లేదు. చేతులు కాలాక ఆకులు పట్టుకున్నా కాస్త చల్లగా ఉంటుందేమో, ఇక్కడ పట్టుకోవడానికి ఆకు కూడా లేదు.

బెంచీ మీద ఆమె పక్కన కూర్చుని చెప్పాడు. అబద్ధమేమీ కలపలేదు, రాహుకాలం పేరెత్తలేదు, కల్పన పేరెత్తలేదు. "నేనే పోగొట్టిన అక్కా. సూడకుంట నొక్కిన. ఇగ రాదు." సత్తమ్మ తువ్వాలు ముడి విప్పింది, మళ్లీ వేసింది. ఏడవలేదు. తిట్టలేదు. నేను తుడిసిన, నువ్వు నొక్కినవ్ అని మాత్రం అంది, గొణిగినట్టు. గాజు తలుపు అవతల బడి పిల్లలను ఎక్కించుకున్న వ్యాను హారన్ కొడుతూ ఆగింది, పోయింది. అప్పుడామె అతని మణికట్టు పట్టుకుంది, చీపురు పట్టి పట్టి గట్టిపడిన చెయ్యి.

"నువ్వు సూసినవ్ గద తమ్మీ. ఒక దినమంత ముంగటేస్కొని కోసినవ్ గద. నేనన్న అంత దగ్గర నుంచి సూడలె. జెప్పు, ఎట్లుండె నా బిడ్డ? జెప్తె యాదికి వెట్టుకుంట." అని కళ్లు మూసుకుంది.

గిరిప్రసాద్ కూడా కళ్లు మూసుకున్నాడు. నిజమే, పొద్దుటి నుంచి సాయంత్రం దాకా కోశాడు, వెంట్రుక వెంట్రుకా. వేళ్లకు గుర్తుంది. కుడి చెవి దగ్గర మొదలుపెట్టిన అక్కా అన్నాడు. చెవి మీదికి రెండు పాయలు జారి ఉంటాయి, జుంకా సగం జుట్టులో ఉంటుంది. ఆమె ఊఁ అంది. చెవి కిందికెళ్లి దవడ గుండ్రంగా దిగుతుంది, గడ్డం కాడ కొంచెం సన్నం, మెడ పొడుగు, భుజం మీద ఓణీ పిన్నీసు, జగ్గు పట్టుకున్నందుకు ఆ భుజం జర పైకి లేచి ఉంటుంది. ఊఁ. ఇటు నుంచి మళ్లీ పైకి, జడ, కనకాంబరాలు, నెత్తి మీద గాలికి లేచిన వెంట్రుకలు నాలుగు, అవి కోయడానికే గంట పట్టింది, పాపిట, మళ్లీ కుడి చెవి. మొదలుపెట్టిన చోటికే వచ్చాడు. చుట్టూ అంతా ఉంది, ఒక్క వెంట్రుక తప్పిపోలేదు. కోసేవాడు చూసేది అంచులే. లోపల ఏముందో ఆనాడు చూడలేదు, అంచు తెగకూడదని అంచునే చూశాడు, ఇరవై నాలుగేళ్లుగా ఎవరిదీ చూడలేదు.

అతని మాట ఆగింది. సత్తమ్మ కళ్లు తెరవలేదు, చెయ్యి వదల్లేదు, ముఖం కొంచెం అతని వైపు తిప్పింది.

"ఊఁ, సుట్టు అయింది. ఇగ మొకం జెప్పు తమ్మీ."